వేడి చేసిందా?



ఎల్లాప్రగడ సుబ్బారావుగారి జ్ఞాపకార్థం మాట్లాడమన్నప్పుడు, ఆయన చేతుల మీదుగా వచ్చిన మందుల గొప్పతనం చెబుతాననే నిర్వాహకులు అనుకుని ఉంటారు. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లున్నారు. నేను ఇరవై ఏళ్లకు పైగా క్యాన్సర్ మందులు రాస్తున్నవాణ్ణి. మందు ఎంత గొప్పదని నన్నెవరూ అడగరు. మందు వేసుకున్నాక నోరెందుకు ఇలా అయింది, చేతులెందుకు ఇలా అయ్యాయి అని అడుగుతారు. చాలామంది అదీ అడగరు. ఆ అడగనివాళ్ల గురించే ఈ సాయంత్రం చెప్పాలని వచ్చాను.

ముందు ఒక బొటనవేలి సంగతి.

గుంటూరు వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ ఉండేది. పేరూ ఊరూ వద్దు. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక కేపసిటబిన్ మాత్రలు రాశాను. ఉదయం టిఫిన్ తిన్న అరగంటలోపు మూడు, రాత్రి అన్నం తిన్నాక మూడు. పద్నాలుగు రోజులు వేసుకుని, ఏడు రోజులు ఆపి, మళ్లీ మొదలుపెట్టాలి. సెలైన్ బాటిల్ లేదు, మంచం లేదు, జుట్టు కూడా పెద్దగా ఊడదు. ‘కీమో అంటే ఇంతేనా’ అని ఆవిడ కొడుకు తేలికపడ్డాడు. రెండుసార్లు చూపించుకోవడానికి వచ్చింది. రెండుసార్లూ, ‘సైడ్ ఎఫెక్ట్స్ ఏమన్నా ఉన్నాయామ్మా?’ అని అడిగాను. ‘ఏం లేవు బాబూ’ అంది. ఫైల్లో ఆ ముక్కే రాసి, కింద సంతకం పెట్టి, తర్వాతివాళ్లని పిలిచాను.

మూడోసారి వచ్చినప్పుడు ఆవిడ అడిగింది జబ్బు గురించి కాదు. ‘నా వేలు పడటం లేదని ఒక కాగితం రాసిపెట్టు బాబూ’ అంది. ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి ఇంటికొచ్చిన పిల్లాడు మూడుసార్లు బొటనవేలు పెట్టించాడట. పడలేదు. పమిట చెంగుతో తుడిపించాడు. పడలేదు. ఎడమచేతి వేళ్లూ అయ్యాయి. చుట్టూ చేరిన వాళ్లలో ఎవరో, ‘మనిషి ఆవిడేనా?’ అని నవ్వారట. ఆ నవ్వు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు మారింది.

చెయ్యి చూపించమన్నాను. అరచెయ్యి కందిపోయి ఉంది. వేళ్ల కొనలు నదిలో దొర్లిన గులకరాళ్లలా నున్నగా మెరుస్తున్నాయి. వెలుతురు కిందికి వంచి చూసినా ఒక్క గీత కనపడలేదు. కణుపుల మడతల్లో పగుళ్లు. పగుళ్లలో ఎండిపోయిన పసుపు. మడమ దగ్గర చర్మం ఉల్లిపొరలా లేచి వస్తోంది. ఆవిడ మిరపకాయలకి ముచ్చికలు తీసే పనికి వెళ్లేది. నెలన్నర కిందటే ఆ పని మానేసిందట, చేతులు మంటలెత్తి. నేను ‘ఏం లేవు’ అని రాసుకున్న రోజుకే ఆవిడ కూలి పోయింది.

‘మరి నాకు చెప్పలేదేమమ్మా?’

‘చెబితే మందు ఆపేస్తావని.’

ఈ జవాబు నాకు కొత్త కాదు. అంతకుముందు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్నా నా ప్రశ్న మార్చుకోలేదు, అదీ అసలు తప్పు.

ఈ వేళ్ల జబ్బుని మేం హ్యాండ్ ఫుట్ సిండ్రోమ్ అంటాం. కేపసిటబిన్ ఒంట్లోకి వెళ్లాక ఫ్లోరోయురాసిల్‌గా మారుతుంది. గబగబా పెరిగే కణాలు దానికి ఎర. రాపిడీ ఒత్తిడీ పడే అరచేతులు, అరికాళ్లలో అది వాపు పుట్టిస్తుంది. కొందరికి వేలిముద్రలే చెరిగిపోతాయి. 2009లో అన్నల్స్ ఆఫ్ ఆంకాలజీ అనే పత్రికలో సింగపూర్ వైద్యుడొకరు ఒక లేఖ రాశారు. ఈ మాత్రలే వేసుకుంటున్న ఆయన రోగి ఒకరు బంధువుల్ని చూడటానికి అమెరికా వెళితే, వేలిముద్రలు లేవని విమానాశ్రయంలో నాలుగు గంటలు ఆపేశారు. ఆ లేఖ చదివి మేమంతా ఆసక్తిగా తలలూపాం. పింఛను పంచే చోట, రేషన్ దుకాణం దగ్గర, బ్యాంకులో వేలు పెట్టే కోట్లమంది ఉన్న దేశంలో ఆ మందు రాస్తూ, ‘వేలిముద్రలు పోవచ్చు, ముందే ఇంకో దారి చూసుకోండి’ అని రోగికి చెప్పాలని మాత్రం నాకు తట్టలేదు.

ఈ బాధకి ఇప్పుడు ఒక చవకైన ఉపాయం ఉంది. అది మన దేశంలోనే తేలింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మంది మీద చేసిన పరీక్ష ఫలితం 2024లో వచ్చింది. మోకాళ్ల నొప్పులకి రాసుకుంటారే, ఆ డైక్లోఫెనాక్ జెల్లే, ఒక శాతం ఉన్నది. మాత్రలు మొదలుపెట్టిన రోజునుంచే సగంమందికి దాన్ని రెండు చేతులకీ రోజుకి రెండుసార్లు, పన్నెండు వారాలు రాయించారు. మిగతా సగానికి మందు లేని జెల్ ఇచ్చారు. రోజువారీ పనులకి అడ్డొచ్చేంత స్థాయిలో చేతులు దెబ్బతిన్నది మందు రాసుకున్నవాళ్లలో 3.8 శాతానికి, రాసుకోనివాళ్లలో 15 శాతానికి. ఏ మందుల షాపులోనైనా దొరికే ట్యూబు అది. దాంతోపాటు వేడినీళ్లలో చేతులు పెట్టకపోవడం, బిగుతు చెప్పులు వేసుకోకపోవడం, బట్టలు పిండే పని ఇంకొకరికి అప్పగించడం, చర్మం ఎండకుండా కొబ్బరినూనో క్రీమో రాస్తూ ఉండటం. ఇంతా చేసినా నొప్పి మొదలైతే ఆ రోజే ఫోన్ చేయాలి. మాత్రలు కొన్నాళ్లు ఆపి, చేతులు కుదుటపడ్డాక అవసరమైతే మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెడతాం. అలా చెప్పి ఆపడం వైద్యంలో భాగమే. చెప్పకుండా మింగుతూ పోయి, ఒకరోజు భరించలేక మొత్తం మానేసినవాళ్లతోనే నాకు చిక్కు.

ఆ రోజు ఆవిడ ఇంకో మాట కూడా అంది. ‘మందు కదా, వేడి చేసుద్దిలే అనుకున్నా.’

మీలో ఎవరికీ ఈ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. పత్రికలవాళ్లు దుష్ప్రభావం అంటారు, మేం సైడ్ ఎఫెక్ట్ అంటాం, ఇళ్లలో ఈ రెండూ వినపడవు. మందు వేడి చేసింది అంటారు. లేకపోతే పడలేదంటారు, వికటించిందంటారు. నోరు పూసినా, కళ్లు మండినా, అరికాళ్లు భగ్గుమన్నా, విరేచనాలైనా, మూత్రం పచ్చగా వచ్చినా అన్నిటికీ ఒకటే పేరు, వేడి. ‘సైడ్ ఎఫెక్ట్స్ ఉన్నాయా’ అని అడిగితే ‘లేవు’ అన్నవాళ్లని, ‘వేడి చేసిందా’ అని అడిగి చూడండి. కుర్చీ ముందుకి జరుపుకుంటారు. నోటి దగ్గర మొదలుపెట్టి మడమల దాకా చెబుతారు. ఇరవై ఏళ్ల అనుభవంలో నేను నేర్చుకున్న వాటిలో ఇది అన్నిటికంటే ఉపయోగపడింది. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

అయితే వేడి అన్నాక దాని వెనకే పథ్యం వస్తుంది. వంకాయ బంద్, గోంగూర బంద్, గుడ్డు బంద్, మాంసం సరేసరి. కొన్ని ఇళ్లలో కందిపప్పు కూడా వేడే. చివరికి మనిషి పాలన్నం మీదా బార్లీ నీళ్ల మీదా పడతాడు. నోరు పూసినప్పుడు కారం, పులుపు మానడం మంచిదే. కానీ కండ కరిగిపోతున్న మనిషికి పప్పూ గుడ్డూ ఆపితే, వచ్చే నెల బరువు తగ్గి వస్తాడు, రక్తకణాలు తగ్గి వస్తాడు, మందు తట్టుకోలేడు. ఇక్కడ అత్తగారితోనో అక్కగారితోనో వాదించి గెలవడం వైద్యుడి వల్ల కాదు. నేను ప్రయత్నించి ఓడిపోయాను. ఇప్పుడు, ‘గుడ్డు వేడి అంటున్నారు కదా, మజ్జిగతో పాటు పెట్టండి, చల్లబడుతుంది’ అని రాజీకొస్తాను. శాస్త్రం ఒప్పుకోకపోవచ్చు. గుడ్డు మాత్రం లోపలికి వెళుతుంది.

నోటిపూత అన్నాను కాబట్టి సుబ్బారావుగారి దగ్గరికి వస్తాను.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఆయనకీ అదే జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో గట్టెక్కారు. స్ప్రూ అంటే ఆగని విరేచనాలు, రక్తం పలచబడిపోవడం, నాలుక పచ్చిపుండులా ఎర్రబడటం. తిన్నది పేగులకి పట్టక ఫోలిక్ ఆమ్లమనే విటమిన్ తరిగిపోతుంది. ఆ నాలుక అందుకే అలా అవుతుంది. తర్వాత అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో, 1940ల మధ్యలో, ఆ ఫోలిక్ ఆమ్లాన్నే తయారుచేసిన బృందానికి ఆయనే పెద్ద. స్ప్రూకి అదే మందైంది.

కథ అక్కడితో ఆగలేదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ పిల్లలకి ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు ఇంకా ఉరకలేసినట్టు కనిపించింది. అయితే ఆ విటమిన్‌కి అడ్డుపడే పదార్థం ఇస్తే? సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ తయారుచేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితాలు ప్రకటించారు. పదహారుమంది పిల్లల్లో పదిమందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. తాత్కాలికమే. కానీ పిల్లల్లో ఈ రక్త క్యాన్సర్ మందుతో వెనక్కి తగ్గడమన్నది లోకానికి కొత్త. ఆ పిల్లల నోళ్లు పూశాయి. విటమిన్ లేక స్ప్రూలో నాలుకకి పట్టే గతే, విటమిన్‌కి అడ్డుపడ్డ మందుతో ఆ పిల్లల నోళ్లకీ పట్టింది. నోటి లోపలి పొర రోజుల్లో చచ్చి పుడుతూ ఉంటుంది, దానికి ఆ విటమిన్ కావాలి. మందు మోతాదు మించుతోందని మొదట చెప్పేది కూడా నోరే. రెండు నెలలకి, ఆగస్టులో, సుబ్బారావుగారు పోయారు. ఆ మందు ఎందాకా వెళ్లిందో చూడలేదు.

అమినోప్టెరిన్‌కి తమ్ముడు మెథోట్రెక్సేట్. అది ఇప్పటికీ నా కలం కింద రోజూ పడుతుంది. అదే మందుతో నేను చేసిన ఒక పొరపాటు ఈ వేదిక మీద చెప్పుకోవాలి.

చాలా ఏళ్ల కిందట, నేను అప్పుడు పనిచేస్తున్న ఆసుపత్రిలో, ఒక మేస్త్రీకి మెథోట్రెక్సేట్ మాత్రలు రాశాను. వారానికి ఒక్కరోజు వేసుకోవాల్సినవి. చీటీ మీద ఇంగ్లీషులో రాశాను, నోటితో కూడా చెప్పాననే నా నమ్మకం. ఆయన రోజూ వేసుకున్నాడు. మందు అంటే రోజూ వేసుకునేదే కదా! పదో రోజుకి నీళ్లు కూడా మింగలేని నోటితో వచ్చాడు. పెదాలు అతుక్కుపోయి, వాటి మీద రక్తపు చెక్కులు. తెల్లకణాలు అడుగంటాయి. ల్యూకోవోరిన్ ఇచ్చాం. అది మెథోట్రెక్సేట్ వేసిన అడ్డుని దాటించుకుపోయే ఫోలిక్ ఆమ్లపు రూపమే. మూడు వారాలకి మనిషి దక్కాడు. ఆయన కోలుకున్నాక భార్య చెప్పింది, నాలుగో రోజుకే నోరు పూసిందట. ‘వేడి చేసిందిలే అని కొబ్బరినీళ్లు పట్టించాను సార్.’ అప్పటినుంచి ఆ మాత్ర చీటీ మీద తెలుగులో వారం పేరు రాస్తాను. ‘మంగళవారం మాత్రమే’ అని. మంగళవారం ఏం చేయాలో వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకుంటాను.

కాబట్టి వేడి అన్న మాట మంచి ప్రశ్న అవుతుంది గానీ, మంచి జవాబు కాదు. ఇమ్యునోథెరపీ వచ్చాక ఈ సంగతి ఇంకా గట్టిగా తెలిసొచ్చింది.

నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి ఈ మందులు 2014 నుంచి వాడుకలోకి వచ్చాయి. వీటికి దారి చూపిన జేమ్స్ అలిసన్, తసుకు హొంజోలకి 2018లో నోబెల్ ఇచ్చారు. ఇవి క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపవు. మన రోగనిరోధక కణాలకున్న కళ్లేన్ని సడలిస్తాయి. కళ్లెం వదిలిన గుర్రం పరాయి చేలోనే మేస్తుందని హామీ ఏముంది? పేగుల మీద పడొచ్చు, ఊపిరితిత్తుల మీద పడొచ్చు, థైరాయిడ్ గ్రంథినో పిట్యూటరీ గ్రంథినో మూలపడేయొచ్చు. అదీ వెంటనే కాదు, నెలల తర్వాత. ఆఖరి ఇంజెక్షన్ అయిపోయాక కూడా రావచ్చు. జుట్టు ఊడదు, వాంతులు పెద్దగా ఉండవు కాబట్టి ఇంట్లోవాళ్లు ‘ఈ మందు చల్లనిది’ అనుకుంటారు.

అలాంటి మనిషికి రోజుకి ఏడెనిమిది విరేచనాలు మొదలయ్యాయనుకోండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళతాడు. అతను నీళ్ల విరేచనాలకి ఎప్పుడూ ఇచ్చేవే ఇస్తాడు, ఒక యాంటీబయాటిక్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఆపడానికో మాత్ర. అతన్ని నేను తప్పుపట్టను, నిండు వానాకాలంలో అతని ముందున్న పదిమందిలో తొమ్మిదిమందికి కావాల్సింది అదే. ఈ పదోవాడి పేగు మాత్రం ఇన్ఫెక్షన్‌తో కాదు, సొంత సైన్యం చేతిలో పుండవుతోంది. సూక్ష్మజీవులు కారణం కాదని చూసుకున్నాక ఇతనికి కావాల్సింది స్టెరాయిడ్. వారం ఆలస్యమైతే పేగుకి చిల్లు పడొచ్చు. అందుకే ఈ మందులు తీసుకునేవాళ్ల జేబులో ఒక కార్డు ఉండాలంటాం, తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఏ మందు తీసుకుంటున్నారో, ఎవరికి ఫోన్ చేయాలో రాసి. సొమ్మసిల్లి పడిపోయే నీరసం కూడా అంతే. ‘క్యాన్సర్ కదా, నీరసం ఉండదా’ అని సరిపెట్టుకుంటారు. ఒక రక్తపరీక్షలో థైరాయిడో కార్టిసోలో అడుగంటిందని తేలుతుంది, ఒక చిన్న మాత్రతో మనిషి లేచి కూర్చుంటాడు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి వాడే ఓసిమెర్టినిబ్ లాంటి మాత్రల గురించి రెండు ముక్కలు. ముఖం మీద మొటిమల్లాంటి పొక్కులు, గోళ్ల అంచుల్లో వాపు వస్తాయి. క్యాన్సర్ కణం మీద ఆ మందు మూసే తలుపు చర్మ కణాల మీద కూడా ఉంటుంది, అందుకని. అవి మొటిమలు కావు కాబట్టి మొటిమల క్రీములు రాస్తే చర్మం ఇంకా ఎండిపోయి మండుతుంది. ఎండలోకి వెళ్లకుండా, తేమనిచ్చే క్రీము రాస్తూ, అవసరమైతే డాక్సీసైక్లిన్ వేసుకుంటే సర్దుకుంటుంది. నా దగ్గరికి వచ్చే ఒకాయన కూతురి పెళ్లి ఫోటోల్లో ముఖం బాగుండాలని, ఎవరికీ చెప్పకుండా నెల రోజులు మాత్ర మానేశాడు. ఒక్క మాట అడిగి ఉంటే పెళ్లి ముందు నాలుగు రోజులు నేనే సర్దేవాణ్ణి.

చెప్పడం వల్ల నిజంగా ఏమైనా ఒరుగుతుందా, లేక రోగికి మనశ్శాంతి, మాకు మంచిపేరు మాత్రమేనా? దీనికి లెక్క ఉంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో ఈథన్ బాష్ అనే వైద్యుడు 766 మంది రోగులతో ఒక పరీక్ష చేశారు. ఒక జట్టుకి మామూలు వైద్యం. ఇంకో జట్టువాళ్లు దానితోపాటు తమ బాధల్ని తామే కంప్యూటర్లో ఎప్పటికప్పుడు నమోదు చేస్తారు. ఏదైనా ముదిరితే నర్సుకి కబురు అందుతుంది, నర్సు ఫోన్ చేస్తుంది. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం మొదటి జట్టు మధ్యస్థ ఆయుష్షు 26 నెలలు, రెండో జట్టుది 31.2 నెలలు. ఐదు నెలలు! కోట్లు పోసి తయారుచేసిన కొత్త మందు ఐదు నెలలు ఇస్తే దాన్ని వేదికల మీద పండగ చేసుకుంటాం. ఇక్కడ ఇచ్చింది ఒక నర్సు చేసిన ఫోన్.

మోతాదు గురించి కూడా నాకు కొంత చెప్పాలని ఉంది. క్యాన్సర్ మందుని మనిషి తట్టుకోగలిగిన ఆఖరి మెట్టు దాకా ఇవ్వాలన్నది పాత కీమో రోజుల సూత్రం. కొత్త మందులన్నిటికీ అది వర్తించదు. ముంబై టాటా మెమోరియల్‌లో ముదిరిన తల, మెడ క్యాన్సర్లకి నివోలుమాబ్‌ని మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు మాత్రమే ఇచ్చి చూశారు. మామూలుగా రెండు వారాలకోసారి ఇచ్చేది 240. ఆ చిటికెడు మందుని నోటితో వేసుకునే మాత్రలకి జోడిస్తే ఏడాది తర్వాత బతికి ఉన్నవాళ్లు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఆ మాత్రల్లో ఒకటి మెథోట్రెక్సేట్. సుబ్బారావుగారి ఇంటి మందు. వాంతులు ఆపే ఓలాంజపిన్‌ని కూడా టాటావాళ్లే పదికి బదులు రెండున్నర మిల్లీగ్రాములిచ్చి, పని అంతే చేస్తుంది, పగటి మత్తు తగ్గుతుంది అని చూపించారు. ‘మోతాదు తగ్గించారు, ఇక లాభం లేదేమో’ అని దిగులుపడే రోగులకి నేను ఈ సంగతులు చెబుతూ ఉంటాను. అలాగని ఎవరికి వారు తగ్గించుకోమని కాదు, దయచేసి.

కంప్యూటర్లో నమోదు అంటే మా దగ్గర కుదరదు. మేం గోడ క్యాలెండర్‌తో సరిపెట్టాం. తిథులు, దుర్ముహూర్తాలు, పాలవాడి లెక్క అన్నీ ఉండేది అందులోనే కాబట్టి రోజూ ఎలాగూ చూస్తారు. మాత్ర వేసుకుంటే టిక్కు. నోరు పూస్తే సున్నా. విరేచనాలైతే ఎన్నిసార్లో అన్ని గీతలు. చేతులు మండితే ఇంటూ గుర్తు. మూడు రోజులు వరసగా ఇంటూ పడితే, లేదా ఒకే రోజు మామూలుకంటే నాలుగు గీతలు ఎక్కువ పడితే, ఫోన్. వచ్చేటప్పుడు క్యాలెండర్ చుట్టి తెచ్చుకోవాలి.

ఆ పెద్దావిడకి పది రోజులు మాత్రలు ఆపాం. చేతులు కుదుటపడ్డాయి. ఉదయం మూడు, రాత్రి రెండుకి తగ్గించి మళ్లీ మొదలుపెట్టాం, జెల్ రాయించాం. పింఛనుకి కంటిపాప చూసే యంత్రం సర్దుబాటైంది, నా కాగితం అవసరమే రాలేదు. మే నెలలో క్యాలెండర్ చుట్టుకుని వచ్చింది. టిక్కులు సరిగ్గా ఉన్నాయి. ఇంటూలు రెండే, అవీ దూరదూరంగా. ఒక ఆదివారం గడిలో మాత్రం మా గుర్తుల్లో లేని గుర్తు ఒకటి ఉంది, ఎర్ర పెన్నుతో గట్టిగా దిద్ది.

‘ఇదేంటమ్మా?’

‘ఆ రోజు ఆవకాయ గరిటెతో కలిపాను బాబూ. పెళ్లయిన దగ్గర్నుంచి చేత్తోనే కలిపేదాన్ని.’

మా లెక్కలో బాధలకి గ్రేడులుంటాయి. దీన్ని ఏ గ్రేడులో వేయాలో తెలియక, ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఫైల్లో తెలుగులో రాసుకున్నాను.